సినిమా అయిపోయాక కూడా ఆగని టేపు

నిన్న గరాజ్ సర్దుతుంటే పాత వీడియో క్యాసెట్ ఒకటి దొరికింది. లేబుల్ మీద అమ్మ చేతిరాత. అట్టపెట్టె తెరవగానే అదే ప్లాస్టిక్ వాసన!

ఎనభైల్లో ఇక్కడ అమెరికాలో పెరిగిన మన బ్యాచ్‌కి గుర్తుందా? ఒకే తెలుగు సినిమా క్యాసెట్ ఇల్లిల్లూ తిరిగేది. తలా ఒక వంటకం తెచ్చుకునే ఆదివారం పాట్‌లక్‌లో పెద్దవాళ్ళు సోఫాల్లో, మనమంతా కార్పెట్ మీద.

మా ఇంట్లో ఓసారి సినిమా అయిపోయినా ఎవరూ టేపు ఆపలేదు. చివర్లో ఖాళీగా ఉన్నచోట నేను రికార్డ్ చేసుకున్న ర్యాప్ వీడియో మొదలైంది. తెర మీద ఒక నల్లజాతి మనిషి కారుకి చేతులు ఆనించి నిలబడ్డాడు. వెనక నుంచి పోలీసు అతని కాళ్ళు ఎడంగా జరిగేలా తన్నుతున్నాడు.

"ఈ నల్లవాళ్ళ గోల మనకెందుకండీ? ఏదో చేసే ఉంటాడు" అంటూ రావు అంకుల్ వీసీఆర్ దగ్గరికి వెళ్ళారు.

ఆ వేసవిలో హైవే మీద పోలీసులు నాన్ననీ అలాగే నిలబెట్టారు. నేను వెనక సీట్లోంచి చూశాను. "అమ్మకి చెప్పకు" అన్నారు నాన్న. చెప్పలేదు. అదే దృశ్యం టీవీలో కనిపించేసరికి రికార్డ్ బటన్ నొక్కాను, అంతే.

"ఉంచండి" అన్నారు నాన్న. "నన్నూ అలాగే నిలబెట్టారు. నేనేం చేశానండీ?"

వంటింటి గుమ్మంలో అమ్మ గరిటెతో అలాగే ఉండిపోయింది. అంకుల్ వేలు స్టాప్ బటన్ మీదే ఉంది. నొక్కలేదు.