రెండుసార్లు చెప్పే అంకె

ఉయ్యూరు దాటాక, చెరకు తోటల మధ్య ఒక పాత ధాన్యం గోడౌనులో నా విమానం ఉంది. ఇద్దరు పట్టే చిన్న విమానం, నా చేతులతో కట్టుకున్నది. చెరకు ట్రాక్టర్ల వాళ్ళు ఆగి, "ఎగురుద్దా అండీ ఇది?" అని అడుగుతుంటారు. ఎగరకపోతే ఇందులో కోళ్ళు పెంచుకుంటానంటాను. నేను ఒళ్ళు మండి అన్నా, వాళ్ళు నవ్వుకుంటూ పోతారు.

ఇంజనుకు నాలుగు సిలిండర్లు. ఒక్కోదానికి వేడి కొలిచే సెన్సర్లు రెండు: పొగ గొట్టానికి ఒకటి, స్పార్క్ ప్లగ్ కింద వాషర్‌లా కూర్చునేది ఒకటి. వైర్లు తారుమారైతే, గాల్లో ఉండగా ఒక సిలిండర్ కాగిపోతుంటే లోపలి తెర ఇంకో సిలిండర్ పేరు చెబుతుంది. అందుకే బిగించాక ఒక్కోదాన్నీ వేడిచేసి చూడాలి. ముందు నిలబడి సెన్సరుకు కాగిన సోల్డరింగ్ ఐరన్ ఆనించేవాడికి తెర కనపడదు. లోపల కూర్చుని అంకె చదివే మనిషి ఉండాలి.

ఆ మనిషి మా అక్క. పెళ్ళి చేసుకోలేదు. బడిలో రిటైరయ్యాక నాతోనే ఉండేది. చర్చిలో పాట నంబరు చెప్పేది తనే. అందరూ పేజీ తిప్పుకోవాలి కదా, అక్కడ ఏ నంబరైనా రెండుసార్లు చెబుతారు. గోడౌనులోనూ అదే వరస. "ఎంతక్కా?" అంటే, "తొంభై ఆరు... తొంభై ఆరు" అని గొంతెత్తేది.

"నాకేం చెవుడు లేదక్కా" అని విసుక్కునేవాణ్ణి.

"అలవాటురా, పోనీ" అనేది.

పొగ గొట్టం సెన్సర్లు నాలుగూ అలాగే చూశాం. నేను రెండో వైరూ నాలుగో వైరూ మార్చి కలిపితే పట్టుకున్నదీ తనే. మిగతా నాలుగూ బిగించేలోగా, వానల్లో, అక్క పోయింది.

చాలాకాలం గోడౌను తాళం తియ్యలేదు. తీశాక, ఇంట్లో కంటే అక్కడే ఎక్కువ ఒంటరిగా అనిపించింది. పక్క తోట రైతు, "నేను చూసి చెప్తానండీ, అదెంత పని" అన్నాడు. అక్కర్లేదన్నాను, కాస్త కటువుగానే. ఆ సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. ఒక్కణ్ణే చేద్దామంటే, ఐరన్ తీసి రెక్క చుట్టూ తిరిగి వచ్చేసరికి వేడి దిగిపోయేది. విమానం ఇక్కడితో ఆగిపోతుందేమోనని భయం వేసింది. చివరికి ఆ సీట్లో అక్క వేసుకుని కూర్చునే దిండుకు ఫోను ఆనించి, తెర వైపు తిప్పి, వీడియో పెట్టాను. నాలుగు సెన్సర్లూ వరసగా వేడిచేసి వచ్చాను.

ఆ సీట్లో కూర్చుని వీడియో చూశాను. వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. దేన్ని వేడిచేస్తే దాని అంకే లేచింది. బయటి నుంచి నా గొంతు వినిపిస్తోంది: "ఒకటి! ఎంతక్కా?" అలా అడిగినట్టు నాకు తెలియనే తెలియదు. నాలుగుసార్లూ అడిగాను. అడిగిన ప్రతిసారీ, అంకెను రెండుసార్లు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగాను.

చివరిదాని దగ్గర వీడియో ఆపాను. తెర మీద నూట రెండు ఉంది. "నూట రెండు" అన్నాను గట్టిగా. రెండోసారి అనకుండానే, దిండు సీట్లో సర్ది దిగాను.