పూలు కట్టే చేతుల్లో ఊలు టోపీ

1961లో నన్ను బందరులోని ఒక బాలికోన్నత పాఠశాలలో కుట్టుపని టీచరుగా వేశారు. స్టాఫు రూములో చివరి కుర్చీ నాది. పైగా ప్రొబేషన్. ఇన్‌స్పెక్ట్రెస్ గారు తనిఖీకి వచ్చి, పిల్లల పని బాగుందని రాస్తేనే ఉద్యోగం ఖాయం. లేకపోతే పెట్టె సర్దుకుని గుడ్లవల్లేరులో మా అన్నయ్య ఇంటికి చేరడమే. ఆ మాట తలుచుకుంటే మా వదినకి తలనొప్పి, నాకు అంతకంటే ఎక్కువ.

అందరూ చూపించే జేబురుమాళ్ళు కాకుండా, నేను రెండు రంగుల ఊలు టోపీ ఎంచుకున్నాను. బందరు ఉక్కలో ఊలు టోపీ ఎవరు పెట్టుకుంటారని హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగారు. పెట్టుకోవడానికి కాదండీ, తనిఖీకి అన్నాను.

పని తేలికే. వరసలో ఎరుపూ తెలుపూ మార్చి మార్చి అల్లాలి. ఒక రంగు అల్లుతుంటే రెండో పోగు టోపీ లోపలివైపు వెంట నడుస్తుంది. అది వదులుగా ఉండాలి. బిగిస్తే టోపీ సాగదు. ఈ మాట నేను రోజూ చెప్పాను, పిల్లలు రోజూ తలూపారు.

తనిఖీ ముందురోజు టోపీలు చేతికొచ్చాయి. చూడముచ్చటగా ఉన్నాయి కానీ ఒక్కటీ ఎవరి తలకీ పట్టలేదు. క్లాసులో అందరికంటే బాగా అల్లే నాగాయలంక పిల్ల మరియమ్మను నిలదీశాను.

"మల్లెపూలు కట్టే అలవాటండీ. మెలేసి లాగకపోతే పూలు జారిపోవాండీ?" అంది.

రంగు మారిన ప్రతిచోటా ఓ మల్లెమొగ్గ ఉన్నట్టే లాగేశారు, క్లాసు క్లాసంతా. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు ఇన్‌స్పెక్ట్రెస్ గారు నేరుగా ఓ టోపీ తీసి మరియమ్మ నెత్తిన పెట్టారు. అది నడినెత్తిన కాసేపు కూర్చుని కిందపడింది.

"ఇది ఎవరి కొలతమ్మా?"

"మా తమ్ముడిదండీ," అంది మరియమ్మ.

"ఏడీ, ఓసారి పిలు."

"ఇంకా పుట్టలేదండీ."

ఆవిడ నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను. ఇన్‌స్పెక్ట్రెస్ గారి కోడలికి నెలలు నిండుతున్నాయట. ఓ టోపీ అడిగి సంచిలో వేసుకున్నారు. రిపోర్టులో 'పసిపిల్లల టోపీలు, పని శ్రేష్ఠం' అని రాశారు. ఉద్యోగం ఖాయమైంది.

మరుసటి ఏడు గుడివాడలో టీచర్లకు ఆ పసిపిల్లల టోపీ నేర్పమని ఆర్డరొచ్చింది. ఈసారి నిజంగానే పసివాళ్ళ కొలత ఇచ్చాను. పోగు వదులుగా ఉండాలని మళ్ళీ మళ్ళీ చెప్పాను. వాళ్ళూ పూలు కట్టేవాళ్ళేనాయె. ఆ టోపీలు బత్తాయిలకు సరిపోయాయి.

తర్వాత ఎక్కడ పనిచేసినా, వదులుగా అల్లమని చెప్పడం మానేశాను. ముందు పూలు కడతారా అని అడిగి, కడతామంటే రెండింతల కొలత ఇచ్చేదాన్ని.