గొట్టంలోని మెలిక

మా పిన్ని హెమ్మ పనిచేసే గదికి ఒకటే కిటికీ. పొద్దున్నే ద్రావ నది మీది పొగమంచు ఆ కిటికీదాకా పాకి వచ్చేది. పిన్ని తుపాకీ గొట్టం ఒక కొసను కంటికి ఆనించుకుని, రెండో కొసను ఆ తెల్లదనం వైపు తిప్పి చూసేది. లోపల ఆరు గాడులు మెలిక తిరుగుతూ ఎక్కడికో వెళ్లిపోతున్నట్టు కనిపించేవి. పిలిస్తే, నిద్రలోంచి లేచిన మనిషిలా చూసేది.

మా ఊరు ఫెర్లాఖ్‌లో ఇంటికొకరు తుపాకుల పనివాళ్లే. పిన్ని మామగారు ప్రిమస్ గొట్టాలకు గాడులు కోసేవాడు. కొడుకు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాక, ఆ బల్ల దగ్గర కోడలు నిలబడింది. బల్ల మీద మెలిక గాడి చెక్కిన కర్ర దూలం ఉండేది. లాగితే అది తిరుగుతూ వచ్చేది. దానికి బిగించిన ఊచ కూడా గొట్టంలో అలాగే తిరుగుతూ, కొసనున్న చిన్న ఉలితో ఉక్కును గీరేది. ఒక్క లాగుడుకు వెంట్రుక మందం కూడా రాలదు. ఒక గొట్టానికి రెండు రోజులు.

1909 శరత్కాలంలో, కొండ మీద అడవి కాపలాదారు లాంబెర్ట్, వీళ్లు కోసిచ్చిన గొట్టంతో కాల్చిన ఒక గురి కాగితం పట్టుకొచ్చాడు. చిల్లులు గుండ్రంగా లేవు, తాళం కన్నాల్లా పొడుగ్గా ఉన్నాయి.

“చూడు పెద్దాయనా, తూటా అడ్డం తిరిగి పోతోంది.”

“నలభై ఏళ్లుగా కోస్తున్నా. నీ చెయ్యి వణికుంటుంది,” అన్నాడు ప్రిమస్.

“చెయ్యి వణికితే గురి తప్పుద్ది గానీ, తూటా పక్కకి పడుకోదు కదా.”

ప్రిమస్ కోడలి వైపు తిరిగాడు. “అయితే నీ చెయ్యే అయ్యుంటుంది అమ్మాయ్.”

పిన్ని లాంబెర్ట్ దగ్గర ఒక తూటా అడిగి తీసుకుంది. అది కొత్త రకం, పాత సీసపు గుండు కంటే బాగా పొడుగు. రెండు రోజులు దాన్ని జేబులో పెట్టుకుని తడుముతూనే ఉంది.

ఆదివారం చర్చి ముందు సంతలో ఒక ముసలామె బొంగరాలు తిప్పుతోంది. పొట్టిది నెమ్మదిగా తిరుగుతున్నా కదలకుండా నిలబడింది. సన్నగా పొడుగ్గా ఉన్నది అంతే వేగంతో తిరిగినా తూలి పడింది. ముసలామె తాడు గట్టిగా లాగి వదిలితే అదీ నిలిచింది. పిన్ని అక్కడే నిలబడిపోయింది. జనం తగులుకుంటూ పోతున్నా ఆమెకు తెలియలేదట.

మర్నాడు మామగారితో అంది: “మామయ్యా, గాడి తూటాని బొంగరంలా తిప్పుద్ది. ఆ తిరుగుడు సరిపోతేనే ముక్కు ముందుకుంటుంది. మన దూలం పొట్టి గుండ్ల నాటిది, రెండున్నర జానలకి ఒక చుట్టు. పొడుగు తూటాకి అది చాలదు.”

“బొంగరం చూసి గొట్టం కోస్తావా? రేపు గాలిపటం చూసి ఇల్లు కడతానంటావు.”

“ఒక్క దూలం చెక్కనివ్వండి. తప్పైతే పొయ్యిలోకి పనికొస్తుంది.”

ప్రిమస్ గొణుక్కుంటూనే అటక మీంచి ఎండిన బేరిపండు చెట్టు కర్ర దించి ఇచ్చాడు. ఈసారి జానెడుకు కాస్త పైన ఒక చుట్టు వచ్చేలా చెక్కడానికి పిన్నికి మూడు వారాలు పట్టింది.

కొత్త గొట్టాన్ని నది ఒడ్డు పచ్చికలో పరీక్షించారు. లాంబెర్ట్ అయిదు తూటాలు పేల్చాడు. మోత మంచులో మెత్తగా కరిగిపోయింది. ప్రిమస్ కాగితం దగ్గరికి నడిచి వెళ్లాడు. చూపు మందగించడంతో చిల్లుల అంచులను వేలితో తడిమాడు. ఒక్కటీ వదలకుండా అయిదూ చూశాడు.

“గుండ్రంగా ఉన్నాయి,” అన్నాడు చివరికి. “హెమ్మా, పాత దూలం పొయ్యిలో పెట్టెయ్.”

“వద్దు మామయ్యా. పాత తుపాకులోళ్లు ఇంకా వస్తారు.”

ఆ రోజు నుంచి ఎవరు గొట్టం తెచ్చినా ప్రిమస్, “మా కోడల్ని అడగండి,” అనేవాడు.

ఆ తరవాత లాంబెర్ట్ ఊరికే వచ్చిపోవడం మొదలుపెట్టాడు. పుదీనా వేసి పిన్ని చేసే జున్ను కుడుములు మెచ్చుకునేవాడు. రెండేళ్లకు పెళ్లి మాట ఎత్తాడు.

“మీ ఇల్లు కొండ మీద. ఈ బల్ల అక్కడికి ఎక్కదు,” అంది పిన్ని, ఊచ లాగడం ఆపకుండా.

లాంబెర్ట్ ఆలోచించి, ఎండాకాలానికల్లా కొండ దిగి వచ్చేశాడు.