ఉండాది అని చెప్పాను

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. వింటే మీకు ఇంతేనా అనిపించవచ్చు. అయినా చెబుతాను. మీరు నన్ను ఎరగరు గనకే చెప్పగలుగుతున్నాను. ఎరిగినవాళ్లకు చెప్పాలంటే వాళ్ల ముఖం చూడాలి కదా.

ఆ మాట "ఉండాది". మా వైపు "ఉంది" అనడానికి అలా అంటాం.

అప్పట్లో ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేదాన్ని. పొద్దున పూట డిజైనింగ్ నేర్పడం, తర్వాత సాఫ్ట్‌వేర్ అమ్మడం. నాకు నోరు ఎక్కువ. గడప తొక్కిన గిరాకీని వదిలేదాన్ని కాదు. అమ్మడమంటే ఆ అమ్మాయిని చూసి నేర్చుకోండని మా ఓనరు మిగతావాళ్లతో అంటే పొంగిపోయేదాన్ని. ఆ పొంగు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

జరీనా ఉదయగిరి నుంచి బస్సులో వచ్చి నా దగ్గర నేర్చుకునేది. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. వాళ్లింట్లో అందరూ కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్లే. పిడిమీద నగిషీలు గీయడంలో వాళ్ల అబ్బాది, అంటే నాన్నది, అందె వేసిన చెయ్యి. మల్లెతీగ, చిలకముక్కు, చేపపొలుసు అంటూ ఆమె వాటి పేర్లు చెబుతుంటే నాకూ కొన్ని నోటికి వచ్చేశాయి. ఆయనకు చూపు మందగించింది, చెయ్యి వణుకుతోంది. కొత్తగా గీయలేడు. ఉన్నవాటినైనా కంప్యూటర్లోకి ఎక్కించి కాపాడుకోవాలని ఆమె తాపత్రయం.

వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. నగిషీ గీసిన పల్చటి కాగితాన్ని జిగురుతో కొయ్యకు అతికించి, దానిమీదుగానే చెక్కుతారు. చెక్కడం అయ్యేసరికి కాగితం పొట్టుతోపాటు రాలిపోతుంది. అందుకని అసలు కాగితాన్ని ఎప్పుడూ అతికించరు. దానిమీద ఇంకో కాగితం పెట్టి దించుకున్న నకలునే అతికిస్తారు. అసలు కాగితాలు ఒక రేకు పెట్టెలో భద్రంగా ఉండేవి. ఆ పెట్టె మూత తీసేముందు అబ్బా చేతులు కడుక్కునేవాడని జరీనా చెప్పింది.

మేం అమ్మే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో రెండు రకాలుండేవి. చవక రకంలో ఏదైనా గీయవచ్చు, ప్రింటు తీయవచ్చు. దాచుకోవడం మాత్రం ఆ కంపెనీ సొంత ఫైలుగానే. దాన్ని ఇంకే సాఫ్ట్‌వేరూ తెరవలేదు. ఎందులోనైనా తెరుచుకునే మామూలు ఫైలుగా దాచుకోవాలంటే ఖరీదు రకం కొనాలి. తమాషా ఏమిటంటే, అలా దాచే ఆప్షన్ పేరు చవక రకంలోనూ కనిపిస్తుంది, బూడిదరంగు అక్షరాల్లో. ఎంత నొక్కినా కదలదు. గోడమీద తలుపు బొమ్మ గీసినట్టు.

ఇవేవీ లేకుండా ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. అందులో అన్ని రకాలుగానూ దాచుకోవచ్చు. కాలేజీలో నేను నేర్చుకున్నది దానిమీదే. ఆ సంగతి జరీనాకు చెప్పలేదు. చెప్పి ఉంటే? అక్కడితో అయిపోయేది. నేను ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

నెలాఖరు. నా టార్గెట్ ఇంకా పూర్తికాలేదు. ఖరీదు రకం మాట ఎత్తితే ఆమె లేచి వెళ్లిపోతుందని నాకు తెలుసు. చవక రకం సాఫ్ట్‌వేర్ డబ్బా చేతిలో పట్టుకుని ఆమె అడిగింది.

"అక్కా, ఈ కంప్యూటర్ చెడిపోతే? బొమ్మల్ని బయటికి తీసుకునే దారి ఉండాదా ఇందులో?"

"ఉండాది."

"అబ్బాకు అట్నే చెప్పనా?"

"చెప్పు. ఇంక కాగితాలు దాచుకునే పన్లేదని కూడా చెప్పు."

రెండో మాట ఎందుకన్నాను? ఆమె అడగలేదే. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, అందుకేనా? ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకుని, నేనే వకీలునై, నన్ను నేనే విడిపించుకున్నాను. మెనూలో ఆ మాట ఉంది కాబట్టి ఉండాది అనడం అబద్ధం కాదు, ఆమె దారి ఉందా అని అడిగింది గానీ తలుపు తెరుచుకుంటుందా అని అడగలేదు, అని. ఇంత నీచమైన వాదన నాకు ఎంత బాగా వచ్చో చూడండి.

ఆమె చవక రకమే కొని, ఇంట్లో తన లాప్‌టాప్ ముందు నెలల తరబడి కూర్చుని అన్నీ ఎక్కించింది. ఒకరోజు సంతోషంగా వచ్చి చెప్పింది. పెద్ద ఆర్డరు వచ్చిందట. నకళ్లు దించే ఓపిక అబ్బాకు లేదు, ప్రింటు తీసే మిషను ఇంట్లో లేదు. కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి కదా అని అసలు కాగితాలనే కొయ్యకు అతికించి చెక్కేస్తున్నారట. పుట్టి బుద్ధెరిగాక ఆయన అలా అతికించడం అదే మొదటిసారట. నా మాట మీద.

రేకు పెట్టెలో ఇంకా కొన్ని మిగిలే ఉండి ఉంటాయి. ఆపమని ఒక్క మాట అంటే చాలు. టీ తాగుతావా అని అడిగాను.

తర్వాత అబ్బా పోయాడు. ఆ ఏడు వానకు ఇల్లు కురిసి జరీనా లాప్‌టాప్ తడిసి చెడిపోయింది. ఫైళ్లు మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. నేను ఆ సెంటర్ మానేసి ఆ ఊళ్లోనే ఒక ఆఫీసులో చేరాను. ఆమె వెతుక్కుంటూ అక్కడికి వచ్చింది. కంపెనీ ఆ చవక రకాన్ని ఎప్పుడో ఎత్తేసింది. కొత్త చవక రకం పాత ఫైళ్లను తెరవదు. మా ఆఫీసు కంప్యూటర్లో ఆ కొత్తది వేసి, పెన్‌డ్రైవ్ పెట్టి నొక్కితే తెరమీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. ఈ ఫైలు తెరవాలంటే పై రకం కొనుక్కోండి అని.

ఇంగ్లీషు ఆమెకు అంతగా రాదు. ఏమంటోందక్కా అని అడిగింది.

ఉన్నది ఉన్నట్టు చదివి ఉంటే ఆమెకు ఆశ మిగిలేది. అప్పో సప్పో చేసి కొనేది. కానీ, అప్పుడు ఉండాదని చెప్పావే అని అడిగేది కూడా. ఆ ప్రశ్నకు భయపడ్డాను.

"ఫైళ్లు పాడైపోయినాయంట జరీనా. వైరస్ అంట."

"అంట" అన్నాను. కంప్యూటర్ చెబుతున్నట్టు. నా అబద్ధాన్ని దాని నోట్లో పెట్టాను.

ఆమె పెన్‌డ్రైవ్ తీసి సంచిలో వేసుకుంది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వు మాత్రం ఏం చేస్తావులే అక్కా అంది. తండ్రి గీతలు పోయిన పిల్ల నన్ను ఓదార్చి, బస్సు వేళయిందని వెళ్లిపోయింది.

నాకు అన్నం సయించలేదు. కొన్నాళ్లకు, తెలిసినవాళ్ల ఆఫీసులో ఖరీదు రకం ఉందంటే బతిమాలి ఒప్పించాను. ఒక్క పూట చాలు, అన్నీ మామూలు ఫైళ్లుగా మార్చి ఇచ్చేద్దాం, ఎలాగో తెరుచుకున్నాయని చెబుదాం అనుకున్నాను. చూశారా, అప్పటికీ నిజం చెప్పే ఉద్దేశం లేదు. ఫోన్ చేసి పెన్‌డ్రైవ్ అడిగాను. పాడైపోయినవే కదా అని తమ్ముడు అందులోవన్నీ తుడిచేసి తన పెళ్లి ఫోటోలు వేసుకున్నాడని చెప్పింది. ఎందుకక్కా అని అడిగింది. ఊరికేలే అన్నాను.

మొదటి అబద్ధానికి ఇంకా మందు ఉండేది. చంపింది రెండోది.

జరీనా ఇప్పుడూ గరిటెలు చేస్తోంది. పిడులు నున్నగా ఉంటాయి, నగిషీ ఉండదు. తలుచుకుని గీయబోయిందట, అబ్బా తీగలాగా వంపు తిరగలేదని మానేసిందట. ఎ.ఎస్. పేట దర్గాకు వెళ్లినప్పుడల్లా అక్కడి కొట్లలో కొయ్య గరిటెలు తిరగేసి చూస్తాను. ఎక్కడో ఒక పాతది, మల్లెతీగది, దొరక్కపోతుందా అని. కొట్టువాళ్లు కొంటావా కొనవా అని విసుక్కుంటారు.

ఈమధ్య ఎవరో ఆమె పని గురించి తీసిన వీడియో ఫోన్‌లో చూశాను. పాత నగిషీలు ఏమయ్యాయని వాళ్లు అడిగారు. వైరస్ తినేసిందని చెప్పింది. ఆత్మకూరులో అక్క ఒకామె చానా తిప్పలు పడింది, అయినా దక్కలేదు అంది. నా అబద్ధాన్ని ఆ పిల్ల తన నోటితో, నా మీద ప్రేమతో, లోకానికి చెబుతోంది. అది విన్నాక ఇక ఉండలేకపోయాను.

ఇది చదివాక నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. జరీనాకు ఎదురుపడి చెప్పే ధైర్యం వస్తుందో రాదో నాకే తెలియదు. మీకు చెప్పినందుకు ఇవాళ ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే. ఆమెతో అనాల్సిన మాటను మాత్రం ఇందాక తలుపు వేసుకుని, పైకే పలికి చూసుకున్నాను.

దారి ఉండింది, జరీనా. నేనే పోగొట్టినాను.