ఎలుకలు మెచ్చని కోటు

మా వదిన రోజూ పొద్దున బయల్దేరే ముందు తన మణికట్టు నా ముక్కు కింద పెడుతుంది. "ఏమైనా వాసనొస్తోందా?" అని అడుగుతుంది. రావట్లేదంటేనే చెప్పులేసుకుంటుంది. ఒకసారి సరదాకి "ఏదో పూల వాసన వదినా" అన్నాను. లోపలికెళ్లి మళ్లీ స్నానం చేసింది. బస్సు వెళ్లిపోయింది. సాయంత్రం దాకా నాతో మాటల్లేవు.

ఇదంతా ఎలుకల కోసం. మతిమరుపు జబ్బులో మెదడు తెలిసిన దారిని ఎలా మరిచిపోతుంది, ఒక కొత్త మందు దాన్ని ఆపగలదా అన్నది వదిన పిహెచ్‌డి విషయం. అది మామూలు పిహెచ్‌డి కాదు, రెండు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి ఇచ్చేది. ఇక్కడొక గైడు, అక్కడొక గైడు, పట్టా మీద రెండు ముద్రలు. షరతు ఒక్కటే: ఒకే ప్రయోగం రెండు చోట్లా చేస్తే ఒకే ఫలితం రావాలి.

ప్రయోగం చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. గుండ్రటి బల్ల, అంచు చుట్టూ కన్నాలు. ఒక్క కన్నం కిందే చీకటి గూడు. ఎలుక దాన్ని గుర్తుపెట్టుకోవాలి. అక్కడున్న ఏడాదిలో ఆరోగ్యంగా ఉన్న ఎలుకలు చకచకా, జబ్బువి తడబడుతూ, మొత్తానికి గూడు చేరాయి. వదిన తిరిగొచ్చి ఇక్కడ మొదలుపెడితే అన్నీ బల్ల నడిమధ్య ముద్దలా కూర్చున్నాయి.

ఇక్కడి గైడుగారికి పనంటే ప్రాణం. ప్రతి ప్రయోగానికీ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, వదిన భుజం వెనకాలే నిలబడేవారు.

"అక్కడ పరుగెత్తినవి ఇక్కడ కూర్చుంటాయేంటమ్మా? చెయ్యి నీదేగా" అనేవారు.

తప్పు తనదేననుకుంది వదిన. సబ్బు మార్చింది, పౌడరు మానేసింది, నా చేతి క్రీము అటకెక్కించింది. అన్నయ్య గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషను చెత్తబుట్టలో తేలింది. రెండు దేశాల సమీక్ష దగ్గరపడుతోంది. అప్పటికి ఫలితాలు కలవకపోతే అక్కడివాళ్లు తప్పుకుంటారు. ఇక ఉమ్మడి పట్టా ఊసే ఉండదు.

ఇంతలో గైడుగారికి జలుబు చేసి ఒకరోజు రాలేదు. ఎలుకలు పరుగులు పెట్టాయి. మర్నాడు ఆయన కోలుకున్నారు, ఎలుకలు కూలబడ్డాయి.

వదినకు అనుమానం పుట్టింది. ఆయన వేరే ఊరికి సదస్సుకు వెళ్లగానే, కొక్కేనికి వేలాడుతున్న ఆయన తెల్లకోటును దొంగచాటుగా తెచ్చి బల్ల పక్కన తెర వెనక తగిలించింది. మనిషి లేడు, కోటే ఉంది. ఒక్క ఎలుక కదిలితే ఒట్టు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇది విని అన్నయ్య పొలమారేలా నవ్వాడు.

"పాపం, ఆయన ఏం పూసుకుంటారో."

"నవ్వకండి. సర్ దగ్గరికెళ్లి మీ వాసనకి ఎలుకలు జడుసుకుంటున్నాయని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అంటూనే వదిన అన్నయ్య చొక్కా వైపు చూసింది.

"ఏమండీ, అది బాల్చీలో వెయ్యకండి."

"ఏం? చెమట పట్టింది."

"అందుకే."

మర్నాడు తెర వెనక అన్నయ్య చొక్కా. ఎలుకలు ముడుచుకుపోయాయి. ఆ మర్నాడు నా చున్నీ. హాయిగా తిరిగాయి. అప్పుడు గుర్తొచ్చింది వదినకు: అక్కడి ఎలుకల గదిలో పనిచేసిందంతా ఆడవాళ్లే.

అన్నయ్య మొహం చిన్నబోయింది. "నేనంటే భయమా వాటికి? ఈ ఇంట్లో బొద్దింక కూడా నన్ను చూసి పక్కకి తప్పుకోదు."

"పోనీలే అన్నయ్యా, ఎక్కడో ఒకచోట నీ మాట చెల్లుతోంది" అన్నాను.

సమీక్ష రోజున అక్కడి గైడు, ఒక పెద్దావిడ, టీ కప్పుతో గోడ మీది తెరలో ప్రత్యక్షమైంది. ఇక్కడి గైడుగారు ముందు వరసలో కూర్చున్నారు. వదిన ముందుగా అన్నయ్య చొక్కా గ్రాఫు పెట్టింది. ఎలుకలు ఎంతసేపు బిగుసుకుపోయాయో చూపే గీత నిటారుగా లేచి ఉంది.

గైడుగారు కడుపుబ్బ నవ్వారు. "మీ ఆయన స్నానం చేస్తాడా అమ్మా?"

"రెండు పూటలా చేస్తారు సర్" అని వదిన తర్వాతి గ్రాఫు పెట్టింది. "ఇది మీ కోటు సర్."

తెర మీది ఆవిడ కప్పు వెనక మొహం దాచుకుంది. గైడుగారి నవ్వు ఆగిపోయింది. లేచి, కళ్లజోడు సవరించుకుని, గ్రాఫు దగ్గరికి నడిచారు. రెండేళ్ల చాకిరీ ఆయన వెంటే నడిచి వెళ్తున్నట్టనిపించిందట వదినకు.

"ఆ రెండూ పక్కపక్కన పెట్టమ్మా."

పెట్టింది. ఆయన చాలాసేపు చూశారు.

"మీ ఆయనదే కాస్త పొడుగ్గా ఉంది" అన్నారు తృప్తిగా.

"అవును సర్."

అంత చిన్న తేడా లెక్కలోకి రాదని వదినకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

"మళ్లీ మొదటినుంచి చెయ్యి. నేను బయటుంటాను" అన్నారు. అక్కడి ఆవిడ కప్పు దించి, అంతవరకు ఆగుతామంది.

ఈసారి ఎలుకలు కదిలాయి. మందు కొద్దిగానే పనిచేసింది, కాని రెండు చోట్లా అంతే కొద్దిగా. ముద్రలు రెండూ పడ్డాయి. సిద్ధాంత గ్రంథం మొదట్లో వదిన తన భర్తకు, ఆయన చొక్కాకు విడివిడిగా కృతజ్ఞతలు చెప్పుకుంది.

ఇప్పుడు వదిన అదే ల్యాబులో కొత్తవాళ్లకు ఎలుకల పని నేర్పుతోంది. గది బయట అద్దం కిటికీ దగ్గర గైడుగారికి ఒక కుర్చీ వేసి ఉంటుంది. మా ఇంట్లో అన్నయ్య బట్టలు విడిగా ఉతుకుతారు.