జింకకూ ఎల్క్‌కూ ఒకే తూటా

నోయిడాలో నా ఉద్యోగం, ఒక అమెరికా వేట సామాన్ల దుకాణానికి వచ్చే ప్రశ్నలకు జవాబులు రాయడం. నేనెప్పుడూ తుపాకీ ముట్టుకోలేదు. ఆ ఉదయం మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కాక ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను: జింకకూ ఎల్క్‌కూ ఒకే తూటా సరిపోతుందా? ఏం రాయాలో తోచక తమ్ముడికి ఫోన్ చేసి తెలుగులో విసుక్కున్నాను.

ఫోన్ పెట్టేయగానే పక్క సీటు పెద్దాయన తెలుగులోనే అడిగాడు. "ఎల్క్ అంటే ఏంది బిడ్డా?"

"జింక జాతేనండీ, మన కణుజు లాంటిది. ఇంకా పెద్దది."

"అయితే పెద్దదానికి సరిపోయేదే తీస్కోమను. జింకకు సరిపోయేది దాన్ని సంపదు, గాయం జేస్తది." ఆయన రెండు వేళ్లు నా చంక కింద, పక్కటెముకల మీద ఆనించాడు. "ఈడ తగలాలె. తగలకపోతే అది గాయంతోని ఉర్కుతది, ఆ నెత్తురు ఎంబడి ఎవలు నడుస్తరో గూడ అడుగు."

"మీరు వేటాడేవారా? ఫారెస్టు గార్డా?"

"నడిచిన," అన్నాడు. తర్వాతి స్టేషన్‌లో దిగిపోయాడు.

పెద్ద జంతువుకు తగిన బరువైన తూటా కొనమని జవాబు రాశాను. నెత్తురు వెంట ఎవరు నడుస్తారన్న ఆయన రెండో మాట ఎలా రాయాలో తెలియలేదు. కాల్చినవాడిగా నడిచాడో, కాల్చినవాణ్ణి పట్టుకోవడానికి నడిచాడో ఇప్పటికీ తేల్చుకోలేను. అలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా నా చెయ్యి మాత్రం పక్కటెముకల దగ్గరికి పోతుంది.