వదిలేసిన వంక

కోస్తావాళ్లకు వంక అంటే తప్పు, లేదంటే సాకు. మాకు వంక అంటే వానొస్తే పారే నీళ్లు. వాగులూ వంకలూ అని జంటగా చెబితే ఎవరికైనా తెలుస్తుంది కానీ, ఉత్త వంక అంటే మా సీమ దాటగానే అర్థం మారిపోతుంది. ఆ మాట దగ్గర నేను చేసిన తప్పు గురించే ఇదంతా.

పోయిన వానాకాలానికి ముందు నంద్యాలలో ఒక మీటింగుకు వెళ్లాను. ఆళ్లగడ్డ రోడ్డు పక్కన బిజినెస్ పార్కు కడతారట, అభ్యంతరాలుంటే వచ్చి చెప్పుకోమని నోటీసు. నాకే అభ్యంతరమూ లేదు. రిటైరై ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నదాన్ని. ఒకప్పుడు ప్లానింగు ఆఫీసులో పటాలు గీశాను కదా, ఇప్పుడెట్లా గీస్తున్నారో చూద్దామని పోయాను.

గోడ మీద రంగురంగుల ప్లాను పడింది. అద్దాల మేడలు, కార్లు నిలిపే చోటు, వరసగా చెట్లు. ఉయ్యాల ఒక్కటీ లేకుండా ఇదేం పార్కో అనుకున్నాను. అంతలో వెనక నుంచి ఒక ముసలి రైతు లేచాడు.

"ఆడ వంక ఉంది సార్."

అధికారి చిన్న వయసువాడు, కోస్తా నుంచి కొత్తగా వచ్చాడు. "పెద్దాయనా, మంచి పనికి వంకలు పెట్టకూడదు" అన్నాడు. వెటకారం కాదు, అతనికి నిజంగానే అట్లా అర్థమైంది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

రైతు నవ్వలేదు. "నేనేంది సార్ పెట్టేది? మా తాతల కాడినుంచి ఆడనే పారుతాంది. దాన్ని పూడిస్తే నీళ్లు యాడికి పోతాయి? మా ఇండ్లల్లోకే వస్తాయి."

అధికారికి అప్పుడు తెలిసింది. నవ్వు ఆపి, పాత పటం తెప్పించి గోడ మీద వేయించాడు. "ఇందులో వాగేమీ లేదు కదండీ" అన్నాడు. నిజమే, లేదు. కానీ పటం మీది అక్షరాలు చూడగానే అవి నావేనని గుర్తుపట్టాను. రోడ్డు అని రాసి డ వత్తు తోకను అంత పొడుగ్గా లాగేది ఆ ఆఫీసులో నేనొక్కదాన్నే.

ఆ ఉద్యోగంలో చేరినప్పుడు మా ఇల్లు ఆళ్లగడ్డలో. వీధిలో శిల్పుల ఉలి చప్పుళ్లు మొదలయ్యే వేళకు జొన్నరొట్టె, చెనక్కాయల పొడి మూటగట్టుకుని నంద్యాల బస్సెక్కేదాన్ని. కిటికీ పక్క సీటు కోసం రోజూ ఎవరితోనో ఒకరితో తగువే. దారిలో ఆ వంక వచ్చేది. కరువు ఏళ్లు కాబట్టి ఇసుకే కనిపించేది. ఆడవాళ్లు ఇసుకలో చెలమలు తోడి, ఊరిన నీళ్లను చెంబుతో బిందెల్లోకి పోసుకునేవాళ్లు. ఒక్కసారి మాత్రం రాత్రికి రాత్రి వానొచ్చి, తెల్లారి వంక పారి బస్సు ఆగిపోయింది. అందరం దిగి గట్టున కూర్చుని, ఎవరి మూట వాళ్లు విప్పి పంచుకు తిన్నాం. ఆ బస్సు, ఆ ఆకలి, ఆ వయసు ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాను.

చిరిగిపోతున్న గుడ్డ పటాల మీద ట్రేసింగు కాగితం పరిచి నల్లసిరాతో మళ్లీ గీయడం నా పని. ఒకరోజు ఆ రోడ్డు పటం వచ్చింది. అందులో మాసిపోయిన నీలం గీత, పక్కన వంక అన్న మాట. మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ కూడా కోస్తా మనిషే. కళ్లద్దాలు సవరించుకుని, "గీత తప్పుగా పడిందని ఎవరో రాసుకున్నట్టున్నారమ్మా, వదిలెయ్" అన్నాడు. అది నీళ్లు పారే వంక సార్ అని నోటిదాకా వచ్చింది. సెక్షనులో నేనొక్కదాన్నే ఆడపిల్లను, చేరి నెల కాలేదు. పెద్దాయనకు ఎదురు చెప్పినట్టవుతుందని మింగేశాను.

సాయంత్రం నాయనకు ఇదంతా నవ్వుతూ చెప్పాను. నాయన సర్వేయర్ల వెంట భూమి కొలిచే గొలుసు లాగిన మనిషి, ఆ చేన్లన్నీ ఆయన కాళ్లకు తెలుసు. ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"నవ్వుతాండావా పాపా? పటంలో లేకుంటే అది లేనట్టే. రేపు పోయి గీయి."

"గీస్తాలే నాయనా."

మరునాడు ఇంకో పటం వచ్చింది, ఆ తరువాత ఇంకొకటి. నాయన మళ్లీ అడగలేదు. గీసే ఉంటానని నమ్మాడు, ఆ నమ్మకంతోనే పోయాడు.

హాల్లో లేచి నిలబడ్డాను. "ఆ పటం గీసింది నేనే సార్. ఆడ వంక ఉంది. నేనే వదిలేసినా." సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అధికారి ప్లాను కాగితం, నీలం పెన్ను నా ముందు పెట్టాడు. బస్సులోంచి రోజూ చూసిన దారిని తలుచుకుంటూ గీత గీశాను. స్థలం స్వయంగా చూసేదాకా ప్లాను ఆపుతున్నానని అతను ఫైల్లో రాసుకున్నాడు.

రైతు వచ్చి కాగితం మీదికి వంగాడు. వేలు పెట్టి గీత వెంబడే పోయి, తన ఊరి దగ్గర ఆపాడు. తరువాత నా మొహంలోకి చూశాడు.

"ఇన్నేండ్లు యాడ పెట్టుకున్నావమ్మా దీన్ని?"

నాయన ఒక్కసారైనా అడగని మాట అది. తల వంచుకుని, గీత పక్కన వంక అని రాశాను.